లాయం వెనక దిబ్బ

సంచి కుట్టు విప్పితే ముందు ఏ వాసనా రాలేదు. ఎండబెట్టి పొడి చేసిన గుర్రపు ఎరువు, ముదురు గోధుమ రంగులో, వేళ్ల సందుల్లోంచి ఇసుకలా జారిపోతోంది. దోసెడు తీసి పళ్లెంలో పోసి నీళ్లు చిలకరించాక, ఒక్క నిమిషం ఆగి అప్పుడు లేచింది. తడిసిన గడ్డి వాసన, దాని వెనక సన్నటి పులుపు, అన్నిటికీ అడుగున ముక్కును పొడిచే అమోనియా. ఈ మూడూ కలిశాయంటే చాలు, కళ్లు మూసుకున్నా లాయం కనిపిస్తుంది. దాని వెనక ఆవిర్లు కక్కే దిబ్బ, దిబ్బకు అవతల కూరగాయల తోట, దాని మడులు.

ఆవుది పేడ, మేకది పెంటిక, గుర్రానిది లద్ది. మూడింటికీ మూడు మాటలు ఊరికే పుట్టలేదు. మూడూ వేరు వేరు సరుకులు. ఈ సంగతి తెలియక లద్దిని పేడలాగా వాడినవాళ్ల మడుల్లో ఏం జరిగిందో ఆ తోటలో ఏటా ఎవరో ఒకరు వచ్చి చెప్పుకునేవాళ్లు.

పొద్దున్నే వినబడే చప్పుళ్లు

వెలుగు రాకముందే ఇనప ఫోర్కు రాతి నేల మీద గీరుకునే చప్పుడు మొదలయ్యేది. తర్వాత ఒంటి చక్రం బండి కిర్రుమనడం. మధ్యలో ఒక గుర్రం ముక్కు చీదడం, ఇంకోటి డెక్కతో నేలను కొట్టడం. గుర్రాలను చూసుకునే సాయిసు ఒక్కో గదిలోకి వెళ్లి ముందు లద్ది ఉండలు ఏరేవాడు. ఆ తర్వాత రాత్రి మూత్రంతో తడిసిన గడ్డిని ఎత్తేవాడు. పొడిగా ఉన్న గడ్డిని గోడ వారకు నెట్టి మళ్లీ పరిచేవాడు.

సుమారు 450 కిలోల గుర్రం లద్దీ మూత్రమూ కలిపి రోజుకు 20 కిలోలకు పైగానే వదులుతుంది. కింద పరిచిన గడ్డి కూడా చేరితే పాతిక కిలోలు దాటుతుంది. ఏడాది మొత్తం లెక్క వేస్తే ఒక్క గుర్రం దగ్గరే ఎనిమిది తొమ్మిది టన్నులు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు కదా, లద్దికీ తక్కువ ఉండదు. అందుకే లాయాలకు అది వదిలించుకోవలసిన బరువు, తోటలకు మాత్రం బండి పంపి తెచ్చుకోవలసిన సరుకు.

బండి నిండేసరికి తోట పెద్దాయన వచ్చి నిలబడేవాడు. పారకంటే ముందు మాట అందుకునేవాడు.

"ఏం అబ్బాయ్, ఈ వారం ఏం మేపారు?"

"అదే ఎండుగడ్డి పెద్దయ్యా. పొద్దునా సాయంత్రం దాణా."

"గడ్డి పాత చోటునుంచేనా?"

"పాతదే."

"కింద?"

"మొదటి నాలుగు గదుల్లో గడ్డి. చివరి రెండింట్లో రంపపు పొట్టు."

"మందేమన్నా తాగించారా?"

ఏం తిన్నది, దేని మీద పడుకుంది, ఏ మందు తాగింది. రోజూ ఈ మూడే ప్రశ్నలు. సాయిసుకు విసుగొచ్చినా జవాబు చెప్పేవాడు. జవాబును బట్టి ఆ బండి ఏ దిబ్బకు పోవాలో తేలేది.

అరగని కడుపు

ఆవు తిన్నది నెమరేస్తుంది. నాలుగు గదుల కడుపులో నానబెట్టి, మళ్లీ నోట్లోకి తెచ్చుకుని మెత్తగా నమిలి మింగుతుంది. గుర్రానికి ఆ వసతి లేదు. ఒక్కసారే నములుతుంది. పీచును పులియబెట్టే పనంతా పొట్ట చివర, పెద్దపేగు దగ్గర జరుగుతుంది. కాబట్టి లద్ది ఉండను విరిస్తే లోపల గడ్డి పోగులు ఇంకా గడ్డి పోగుల్లాగే కనిపిస్తాయి. పేడ ముద్దలో అలా కనబడవు.

ఈ ఒక్క తేడాలోనే లద్ది మంచీ చెడూ రెండూ ఉన్నాయి. పోగులు మిగలడంవల్ల దిబ్బలోకి గాలి ఆడుతుంది, గాలి ఆడడంవల్ల వేడి పుడుతుంది. పేడ దిబ్బ చల్లగా, జిగటగా, నిదానంగా కుళ్లుతుంది. లద్ది దిబ్బ రెండు మూడు రోజుల్లోనే 60 డిగ్రీలు అందుకుంటుంది. మంచి నల్లరేగడిలో అయినా బంకమట్టిలో అయినా అది చేసే మేలు చాలావరకు ఈ పోగులదే. మట్టిని గుల్ల చేస్తాయి, నీరు దిగనిస్తాయి. ఇసుక నేలలోనైతే తడిని పట్టి ఉంచుతాయి.

చెడు సంగతి గింజలు. గుర్రం తిన్న గడ్డిలో ఎన్ని కలుపు గింజలు ఉన్నాయో వాటిలో చాలా భాగం బతికే బయటికి వస్తాయి. ఒకసారి పచ్చి లద్దిని తొందరపడి నారుమడి మీద చల్లేశారు. పది రోజులకు మడి పచ్చగా తివాచీ పరిచినట్టు మొలిచింది. అందులో వేసిన వంగ నారు ఏదో, పిలవని చుట్టం ఏదో ఏరడానికి ముగ్గురికి రెండు పూటలు పట్టింది. సగం నారు ఆ ఏరివేతలోనే పోయింది.

పోషకాల మాటకొస్తే లద్ది గొప్ప బలమైన ఎరువేమీ కాదు. తాజాదాంట్లో నత్రజని సుమారు 0.6 నుంచి 0.7 శాతం, భాస్వరం 0.3, పొటాష్ 0.6 దరిదాపుల్లో ఉంటాయి. కోళ్ల ఎరువు పక్కన పెడితే ఇది బక్కది. బస్తా మీది అంకెలు చూసి ఎరువు కొనేవాళ్లకు లద్ది ఎప్పుడూ నచ్చదు. మట్టిని వేళ్లతో పిసికి చూసేవాళ్లకు నచ్చుతుంది.

దిబ్బ వేయడం

దిబ్బ వేసే రోజు అంటే పండగ హడావుడి. రోజుకో బండి పోసుకుంటూ పోతే దిబ్బ సరిగ్గా వేడెక్కదు. అందుకని నాలుగైదు రోజుల సరుకు ఒక పక్కన కప్పి ఉంచి, ఒక్క పూటలో కట్టేవాళ్లు.

అడుగున ఒక జానెడు మందాన ఎండు పుల్లలు, కంది కట్టెలాంటి గట్టి మోళ్లు. అవి కిందినుంచి గాలి లాగడానికి. వాటి మీద లద్దీ గడ్డీ కలిసిన చెత్త, ఫోర్కుతో విదిలించి పరవడం. ముద్ద ముద్దలుగా పడకూడదు, ఉండలు చిట్లాలి. ప్రతి రెండు జానల మందానికీ ఒకసారి నీళ్లు. ఎంత తడి అంటే, గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల మధ్య ఒకటి రెండు చుక్కలు కనబడాలి, ధార కట్టకూడదు. చుక్క రాకపోతే ఇంకో నాలుగు చెంబులు. ధార కడితే పొడి గడ్డి కలపాలి.

పొడవూ వెడల్పూ ఎత్తూ ఏదీ మీటరుకు తక్కువ ఉండకూడదు. మీటరున్నర అయితే మరీ మంచిది. చిన్న కుప్ప పుట్టిన వేడిని పుట్టినట్టే గాలికి వదిలేస్తుంది. రెండు మీటర్ల ఎత్తు దాటితే మాత్రం సొంత బరువుకే అణిగిపోయి మధ్యలో గాలి ఆడదు. పైన టార్పాలిన్ తప్పదు. వాన పడితే దిబ్బ అడుగునుంచి టీ డికాషన్‌లాంటి రసం కారుతుంది. ఆ రసంలో పోయేది పొటాషూ నత్రజనీ. మూత్రంలో ఉన్న బలమంతా నీళ్లలో కరిగేదే. ఆ రసం బావిలోకి చేరితే అది ఇంకో తగువు. అందుకే దిబ్బకూ బావికీ కనీసం 30 మీటర్ల ఎడం ఉండాలనేది అక్కడ చర్చ లేని నియమం.

థర్మామీటరు ఎవరి దగ్గరా లేదు. ఒక ఇనప చువ్వ ఉండేది, నాలుగడుగులది. దాన్ని దిబ్బ మధ్యకు దించి పది నిమిషాలు వదిలేసేవాళ్లు. బయటికి లాగి కొసను అరచేత పట్టుకుంటే మూడు రకాల జవాబులు. వెచ్చగా, హాయిగా పట్టుకోగలిగితే 40 దరిదాపుల్లో ఉన్నట్టు. పట్టుకుని ఒకటి రెండు లెక్కపెట్టేలోపే వదిలేయాల్సి వస్తే 55 దాటినట్టు. చెయ్యి తగలగానే అబ్బా అని విదిలించుకుంటే 60 పైమాటే. పెద్దాయన అరచేయి గట్టిపడిపోయి ఉండేది కాబట్టి ఆయన లెక్క ఎప్పుడూ అయిదు డిగ్రీలు తక్కువ చెప్పేదని సాయిసు వేళాకోళం చేసేవాడు.

చలికాలం పొద్దున దిబ్బ మీద టార్పాలిన్ ఎత్తితే ఆవిరి మనిషి ఎత్తున లేచేది. లాయం కుక్క పడుకోవడానికి ఆ దిబ్బ పక్కనే చోటు చూసుకునేది.

తిప్పుడు

వేడి తగ్గడం మొదలవ్వగానే, చువ్వ హాయిగా పట్టుకోనిచ్చే రోజు వస్తే, దిబ్బ తిప్పాలి. ఇదే అసలు కష్టం, దీన్నే అందరూ ఎగ్గొడతారు. తిప్పడమంటే కలగాపులగం చేయడం కాదు. పక్కన ఖాళీ చోటులో కొత్త దిబ్బ కట్టడం. పాత దిబ్బ పై పొరా పక్కల పొరా తీసి కొత్తదాని నడిమధ్యకు, పాత దిబ్బ మధ్యలోది తీసి కొత్తదాని అంచులకు. అంచున ఉన్న చెత్తకు వేడి తగలదు. అందులో ఉన్న కలుపు గింజా, ఈగ పిల్లా, రోగ క్రిమీ అన్నీ క్షేమంగా ఉంటాయి. ప్రతి పిడికెడూ ఒకసారైనా నడుమకు వెళ్లి రావాలి.

కనీసం 15 రోజులపాటు 55 డిగ్రీలకు తగ్గకుండా ఉంచుతూ అయిదుసార్లు తిప్పాలని అమెరికా సేంద్రియ సాగు ప్రమాణాలు ఇప్పుడు రాసుకున్నాయి. ఆ తోటలో అంకెలు లేకపోయినా తిప్పుళ్ల లెక్క దాదాపు అదే. నాలుగు రోజులకో అయిదు రోజులకో తిప్పడం, నెల తిరిగేసరికి ఆరు తిప్పుళ్లు.

మొదటి తిప్పుడులో అమోనియాకు కళ్లలో నీళ్లు తిరిగేవి. ఆ ఘాటు ఎక్కువైందంటే గడ్డి తక్కువైందని అర్థం. నత్రజని గాల్లో కలిసిపోతోందని అర్థం. అప్పుడు ఎండాకులో పొడి గడ్డో కలిపేవాళ్లు. దిబ్బ కుళ్లు గుడ్ల కంపు కొడితే తడి ఎక్కువై గాలి ఆడలేదని. ఏ వాసనా లేక, చల్లగా, వేసింది వేసినట్టే పడి ఉంటే అది ఎండిపోయిందన్నా అనుకోవాలి, రంపపు పొట్టు ఎక్కువన్నా అనుకోవాలి.

నాలుగో తిప్పుడులో ఒకసారి దిబ్బ నడుమ చేతి మందాన బూడిద రంగు పొర బయటపడింది. ముట్టుకుంటే పొడి పొడిగా రాలింది, పిండి చల్లినట్టు తెల్లగా. కొత్తగా చేరిన కుర్రాడు దిబ్బ లోపల మంట అంటుకుందని కేకలు వేశాడు. నిప్పు కాదది. వేడి మరీ ఎక్కువై తడి ఆరిపోయిన చోట తెల్లటి బూజులాంటి సూక్ష్మజీవులు అల్లుకుపోతాయి. చూడ్డానికి అచ్చం కాలినట్టే ఉంటుంది. ఆ భాగంలో నత్రజని చాలావరకు పోయినట్టే. పెద్దాయన ఆ కుర్రాణ్ణి ఏమీ అనలేదు. నీళ్ల కుండ చేతికిచ్చి, "నువ్వు చూసిన మంటను నువ్వే ఆర్పు నాయనా" అన్నాడు. నీళ్లు పోసి తిప్పితే ఆ దిబ్బ మళ్లీ మామూలుగా వేడెక్కింది.

గాజు గిన్నె కింద

దిబ్బ దగ్గర పిల్లలకు ఒక్క పని ఇష్టంగా ఉండేది. అప్పుడే పడిన లద్ది ఉండ ఒకటి తెచ్చి, తడి గుడ్డ పరిచిన పళ్లెంలో పెట్టి, పైన గాజు గిన్నె బోర్లించి కిటికీలో ఉంచడం. నాలుగైదు రోజులు గడిచాక పొద్దున్నే చూస్తే ఉండ నిండా సన్నటి గాజు కాడలు. ఒక్కొక్కటి సెంటీమీటరు ఎత్తుకు అటూ ఇటూ. కాడ పైభాగం నీటిబొట్టులా ఉబ్బి, దాని నెత్తిన ఆవగింజకంటే చిన్న నల్ల టోపీ. కాడలన్నీ కిటికీ వైపే వంగి ఉంటాయి. పొద్దెక్కుతుంటే ఆ టోపీలు ఒక్కొక్కటే పేలి గాజుకు తగిలి అంటుకుంటాయి. చెవి దగ్గర పెట్టి వింటే టప్పు టప్పుమని చిన్న చప్పుడు. మధ్యాహ్నానికి గాజు లోపల వెలుగు వచ్చే వైపంతా నల్ల చుక్కలు.

దీని పేరు పైలోబోలస్. రెండు మీటర్ల దాకా టోపీని విసరగల బూజు. తన లద్ది దగ్గర గుర్రం మేయదు కాబట్టి, దూరంగా ఉన్న గడ్డి మీదికి తన విత్తనాన్ని చేర్చుకోవడానికి ఈ ఫిరంగి. గడ్డితో పాటు గుర్రం కడుపులోకి, మళ్లీ లద్దిలోకి.

మాగుతున్న దిబ్బ మీద ఇంకో రకం పుట్టగొడుగులూ లేచేవి. పొద్దున గొడుగులా ఉండి సాయంత్రానికి నల్ల సిరాలా కరిగిపోయేవి. అవి కనిపిస్తే దిబ్బ దారిన పడిందనేవాళ్లు. తినడానికి మాత్రం ఎవరినీ ముట్టనిచ్చేవాళ్లు కాదు.

మాగడం

వేడి అయిపోయినంత మాత్రాన ఎరువు తయారైనట్టు కాదు. అక్కడినుంచి ఇంకో రెండు మూడు నెలలు దిబ్బను కదపకుండా, తడి ఆరకుండా కప్పి ఉంచాలి. చల్లబడ్డాక సన్నటి ఎర్ర వానపాములు వాటంతట అవే వచ్చి చేరతాయి. వేడిగా ఉన్నప్పుడు వాటిని తెచ్చి వదిలితే ఉడికిపోతాయి.

తయారైందో లేదో చూడ్డానికి పెద్దాయన గుప్పెడు తీసి ముందు వాసన చూసేవాడు. గుర్రం వాసన ఏ మాత్రం తగిలినా మళ్లీ కప్పేసేవాడు. మాగిన ఎరువుకు తొలకరి మట్టి వాసన రావాలి. రంగు నలుపు, చేతికి అంటకుండా పొడి పొడిగా రాలాలి, లద్ది ఉండ ఆకారం ఒక్కటీ కనబడకూడదు. కుప్ప ఎత్తు మొదట వేసినదాంట్లో సగానికి పడిపోయి ఉండాలి. బండెడు తోలితే అరబండి మిగిలిందని బాధపడేవాళ్లు ఉంటారు. పోయింది ఎక్కువగా నీరూ గాలీ.

మాగని ఎరువు వేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఆ తోటలో సాక్ష్యాలు చాలా ఉండేవి. క్యారెట్లూ ముల్లంగీ నిటారుగా దిగకుండా రెండు మూడు కాళ్లుగా చీలిపోవడం. బంగాళాదుంప తొక్క మీద గజ్జి. టమాటా మొక్క ఏపుగా, మనిషి నడుము ఎత్తుకు పెరిగి పూతే పట్టకపోవడం. చెదలు, వేరుపురుగు రావడం. పాత దిబ్బ అడుగున బొటనవేలంత తెల్లటి కొమ్ము పురుగు పిల్లలు వంకీ తిరిగి పడుకుని ఉండేవి. వాటిని ఏరి పారేయకుండా ఎరువు మడిలోకి పోయేది కాదు. ఏరినవి కోళ్లకు.

అన్నిటికంటే మోసం చేసేది రంపపు పొట్టు. గడ్డిలో కర్బనం నత్రజనికి సుమారు 80 రెట్లు ఉంటే, రంపపు పొట్టులో అది 200 నుంచి 500 రెట్లు. దిబ్బ బాగా కుళ్లాలంటే మొత్తం మీద 25 నుంచి 30 రెట్లే ఉండాలి. వట్టి లద్ది దాదాపు అక్కడే ఉంటుంది. పొట్టు చేరేకొద్దీ లెక్క తప్పిపోతుంది. పైకి నల్లగా మారి మాగినట్టే కనిపిస్తుంది కానీ వేలితో నలిపితే పొట్టు రేణువులు గరగరలాడతాయి. అది మట్టిలో కలిస్తే, పొట్టును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని మట్టిలోంచి లాక్కుంటాయి. మొక్క కింది ఆకులు పాలిపోయి పసుపుబారతాయి. ఎరువు వేశాం కదా, ఇంకా ఆకలేమిటని జనం తల గోక్కుంటారు. అందుకే చివరి రెండు గదుల చెత్త వేరే దిబ్బ. దానికి పచ్చి కలుపూ కోళ్ల ఎరువూ కలిపి ఏడాది పాటు వదిలేసేవాళ్లు. ఆ తర్వాత కూడా మడుల మధ్య బాటల మీదే పోసేవాళ్లు ముందు.

మడిలోకి

చదరపు మీటరుకు 15 లీటర్ల బకెట్ ఒకటి. పరిస్తే ఒకటిన్నర సెంటీమీటర్ల మందం వస్తుంది. కొత్తగా తెరిచిన గట్టి నేలకు మొదటి ఏడు మూడు బకెట్ల దాకా. పది చదరపు మీటర్ల మడికి మామూలుగా అయితే పది బకెట్లు, అంతే. దాన్ని ఫోర్కుతో పై 15 సెంటీమీటర్ల మట్టిలో కలపడం. లోతుగా పాతిపెట్టడం కాదు. గాలి లేని లోతులో ఎరువు కుళ్లదు, మురుగుతుంది.

గుమ్మడి, సొర, దోస, వంగ, టమాటా, క్యాబేజీ ఎంత వేసినా తినేస్తాయి. ముల్లంగికీ క్యారెట్‌కూ కిందటి పంటకు వేసిన ఎరువు చాలు. చిక్కుళ్లకు అసలు అక్కర్లేదనే చెప్పాలి, వాటి నత్రజని అవే చూసుకుంటాయి. ఉచితంగా దొరుకుతోంది కదా అని ఏటేటా కుమ్మరించినా కష్టమే. మట్టిలో భాస్వరం పేరుకుంటుంది, లవణాలు పెరుగుతాయి. లేత మొలకల ఆకుల అంచులు మాడాయంటే చేయి కాస్త వెనక్కి తీసుకోవాలి.

పచ్చి లద్దే వేయాల్సి వస్తే పంట లేని మడిలో వేసి వదిలేసేవాళ్లు. మట్టికి తగిలే ఆకుకూరలకూ దుంపలకూ కోతకు కనీసం 120 రోజుల ముందు, పందిరి మీదా కర్రల మీదా కాసేవాటికి 90 రోజుల ముందు. కడుపులోకి పోయే సరుకు కాబట్టి ఈ లెక్కలో బేరం లేదు. ఇంకో విషయం, ధనుర్వాతం క్రిమి గుర్రాల పేగుల్లో మామూలుగానే ఉంటుంది, లద్దితో నేలకు చేరుతుంది. చేతికి గాయం ఉన్నవాడిని ఆ రోజు దిబ్బ ఎక్కనిచ్చేవాళ్లు కాదు. చేతి తొడుగులూ టీకా రెండూ కావాలి, ఒకటి ఉందని ఇంకోటి మానకూడదు.

వేడి మడి

చలి ఎక్కువ ఉండే చోట్ల లద్దితో చేసే ఇంకో పని ఉంది. ఇప్పుడు దాదాపు ఎవరూ చేయరు. 19వ శతాబ్దంలో పారిస్ చుట్టుపక్కల కూరగాయల తోటమాలులు దీన్ని ఒక విద్యగా మార్చారు. కూరగాయల బండి ఊళ్లోకి వెళ్లేది, అదే బండి లాయాల లద్ది నింపుకుని తోటకు తిరిగొచ్చేది. ఆ లద్ది వేడి మీద, గంట ఆకారపు గాజు మూతల కింద, బయట మంచు పడుతుండగా లోపల ఆకుకూరలూ ముల్లంగీ లేచేవి.

పద్ధతి ఇది. తాజా లద్దీ గడ్డీ కుప్ప పోసి, మూడు నాలుగు రోజుల ఎడంతో రెండుసార్లు తిప్పి మొదటి ఘాటు పోనివ్వాలి. తర్వాత చెక్క చట్రం లోపల పరిచి కాళ్లతో తొక్కాలి. తొక్కాక 60 సెంటీమీటర్ల మందం నిలవాలి. పైన 15 సెంటీమీటర్ల మంచి మట్టి, ఆ పైన గాజు పలక. విత్తడానికి తొందర వద్దు. మొదటి వారం వేడి గింజను చంపేస్తుంది. మట్టి 25 డిగ్రీల దరికి దిగాక గింజ వేయాలి. వెచ్చదనం ఆరు వారాలో ఎనిమిది వారాలో ఉంటుంది. ఎండాకు సగం కలిపితే వేడి తక్కువగా, ఎక్కువ రోజులు ఉంటుంది. నారు తీసేశాక అడుగున ఉన్నది మాగిన ఎరువు. ఒకే లద్దితో రెండు పనులు.

నాలుగో ప్రశ్న

లాయాలు మూతబడ్డాయి, గుర్రబ్బండ్లు పోయాయి. ఫోర్కు చప్పుడు లేదు. ఎరువు ఇప్పుడు సంచిలో వస్తుంది, కుట్టు వేసి, పొడి చేసి, వాసన తీసేసి. పెద్దాయన మూడు ప్రశ్నలు వేయడానికి సాయిసు లేడు.

ఏ మందు తాగించారన్న ప్రశ్నకు ఆయన కారణం పురుగుల మందు. గుర్రాలకు కడుపులో పురుగులు పోవడానికి ఇచ్చే ఐవర్‌మెక్టిన్‌లాంటి మందు లద్దిలో బయటికి వస్తుంది, లద్దిని కుళ్లబెట్టే పేడపురుగుల పిల్లల్ని చంపుతుంది. మందు తాగించిన వారం లద్దిని ఆయన వానపాముల తొట్టిలో వేయనిచ్చేవాడు కాదు. వేడి దిబ్బకే పంపేవాడు.

ఏం తిన్నదన్న ప్రశ్నకు మాత్రం ఆయనకు తెలియని కారణం ఒకటి తర్వాత వచ్చింది. పచ్చిక బయళ్లలో వెడల్పాకు కలుపును చంపడానికి అమినోపైరాలిడ్, క్లోపైరాలిడ్‌లాంటి మందులు చల్లుతారు. గడ్డికి ఏమీ కాదు. ఆ గడ్డి తిన్న గుర్రానికీ ఏమీ కాదు. మందు పేగుల్లో విరగకుండా లద్దిలోకి వచ్చేస్తుంది. దిబ్బ వేడికీ అంత తేలిగ్గా లొంగదు, నెలల తరబడి నిలుస్తుంది. 2008లో బ్రిటన్‌లో ఎన్నో పెరటి తోటల్లో టమాటా ఆకులు ఫెర్న్ ఆకుల్లా ముడుచుకుపోయినప్పుడు తెలిసింది సంగతి. చిక్కుడు, బఠాణీ, బంగాళాదుంప, టమాటా దీనికి ముందు పడిపోతాయి. మొక్కజొన్న తట్టుకుంటుంది, అది గడ్డి జాతి కాబట్టి. ఆ గడ్డి మీద ఏం చల్లారన్నదే నాలుగో ప్రశ్న. చూస్తే తెలియదు, వాసనకు తెలియదు, ఎంత బాగా మాగినా తెలియదు.

సంచి చెప్పలేని జవాబు చిక్కుడు గింజ చెబుతుంది. ఆరు చిన్న కుండీలు. మూడింటిలో ఈ ఎరువు సగం, నమ్మకమైన మట్టి సగం. మూడింటిలో వట్టి మట్టి. కుండీకి నాలుగు గింజలు. రెండు జట్లకూ వేరు వేరు పళ్లేలు, ఒకదాని నీళ్లు ఇంకోదాంట్లోకి పోకూడదు. మూడు వారాలు. మొదట విచ్చుకునే జంట ఆకుల్ని నమ్మకూడదు, అవి గింజలోని బలంతో వచ్చేవి. తర్వాత వచ్చే మూడాకుల రెమ్మను చూడాలి.

పళ్లెంలో తడిపిన దోసెడు ఎరువు అలా మొదటి కుండీలోకి వెళ్లింది. ఈ రోజుకు పద్దెనిమిదో రోజు. వట్టి మట్టి కుండీల్లో మూడాకులు అరచేయి తెరిచినట్టు చదునుగా విచ్చుకున్నాయి. ఎరువు కుండీల్లో రెండింట్లో అలాగే ఉన్నాయి. మూడోదాంట్లో ఒక మొక్కకు కొస ఆకు అంచు కొద్దిగా లోపలికి తిరిగి ఉంది. నీళ్లు తక్కువైనా అలా తిరుగుతుంది. నీళ్లు పోసి, సంచి మూతి మళ్లీ కట్టేసి, ఇంకో మూడు రోజులు ఆగాలి.